రిఫ్లక్స్ ఇంజెక్షన్ కోసం పిల్లలను చెన్నై తీసుకువెళ్లే ముందు

మూత్రాశయంలోని మూత్రం తిరిగి కిడ్నీల వైపు ఎగదన్నే రిఫ్లక్స్‌కు, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం మూత్రాశయంలో కలిసే చోట ఇంజెక్షన్‌తో జెల్‌ను ఎక్కించి ఆ ద్వారాన్ని బిగించే చికిత్స ఉంది. కోత ఉండదు, కుట్లు ఉండవు. సాధారణంగా ఉదయం చేర్చుకుని సాయంత్రానికి పంపించేస్తారు కనుక, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చే మనవాళ్లకు ఇది చాలా తేలికైన పనిగా కనిపిస్తుంది. అయితే దీని చిక్కులు తరచుగా ఇంటికి చేరిన తరువాతే బయటపడతాయి.

తేదీ ఖాయం చేసుకునే ముందు యూరిన్ కల్చర్ (మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందో లేదో చూసే పరీక్ష) చేయించాలి. ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గేదాకా వాయిదా వేయడమే మంచిది. మలబద్ధకం ఉన్నా, బడిలో మరుగుదొడ్డికి వెళ్లడానికి ఇష్టపడక మూత్రం బిగబట్టే అలవాటు ఉన్నా ముందు వాటిని సరిచేయాలి, లేకపోతే ఇంజెక్షన్ విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. పెద్దలు చిన్న విషయమని వదిలేసేది ఎక్కువగా దీన్నే.

ఏ పదార్థం ఎక్కిస్తున్నారో నిస్సంకోచంగా అడగండి. 1980లలో వాడిన టెఫ్లాన్ పేస్టు రేణువులు ఇతర అవయవాలకు చేరగలవన్న భయంతో దాన్ని పిల్లల్లో వాడటం మానుకున్నారు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన డిఫ్లక్స్ అనే జెల్‌ను 2 నుంచి 4 గ్రేడుల (తీవ్రత స్థాయుల) రిఫ్లక్స్‌కు ఉద్దేశించారు.

చికిత్స తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం పోసేటప్పుడు మంట, లేత ఎరుపు రంగు కనిపించవచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నా, మూత్రం బాగా తగ్గినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఊరికి వచ్చేసి ఉంటే చెన్నైకి మళ్లీ బయలుదేరడం కాదు, దగ్గరి ఆసుపత్రిలో స్కానింగ్ చేయించి, చికిత్స చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి.

అరుదే అయినా అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది మూత్రనాళం మూసుకుపోవడం గురించి. అది వెంటనే జరగవచ్చు, నెలలు, ఏళ్లు గడిచాక కూడా జరగవచ్చు, ఒక్కోసారి నొప్పి లేకుండానే కిడ్నీ ఉబ్బుతుంది. అందుకే పిల్లవాడు హుషారుగా ఆడుకుంటున్నా, నాలుగు నుంచి ఆరు వారాల్లో చేయవలసిన అల్ట్రాసౌండ్‌ను, ఆ పైన డాక్టరు చెప్పిన స్కాన్లను ఛార్జీలు దండగని మానకూడదు. వాటిని సొంత ఊళ్లోనే చేయించి రిపోర్టు పంపవచ్చునేమో ముందే అడగండి. రిఫ్లక్స్ తిరగబెట్టవచ్చు, రెండో వైపున కొత్తగా రావచ్చు. కాబట్టి ఇన్ఫెక్షన్ రాకుండా రోజూ వేసే యాంటీబయాటిక్‌ను డాక్టరు చెప్పేదాకా ఆపవద్దు.

డిశ్చార్జి కాగితంలో పదార్థం పేరు, ఏ వైపు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ తేదీన అన్నవి రాయించుకుని, ఫోటో తీసి పెట్టుకోండి. ఆ జెల్ గడ్డలో కాలక్రమంలో కాల్షియం చేరి, ఏళ్ల తరువాత కడుపునొప్పికి తీసిన సి.టి. స్కాన్‌లో మూత్రనాళంలో రాయిలా కనిపించవచ్చు. ఈ సంగతి తెలియని డాక్టరు లేని రాయిని తీయడానికి సిద్ధపడే ప్రమాదం ఉంది.