మోటార్‌హోమ్‌లో చలికాలం – 3వ పాఠం: వంద లీటర్లతో కాపురం

మోటార్‌హోమ్ అంటే పడక, వంటిల్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న బండి; అందులో యూరప్‌లో చలికాలం గడపడం ఈ పాఠాల సంగతి. ముందు గత పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చుకుందాం: నవంబరు 5న అక్కడ దిగినవారు ఎప్పటిదాకా ఉండవచ్చు? నవంబరు 5న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినవారు, అంతకు ముందు ఆరు నెలల్లో అటువైపు వెళ్లలేదనుకుంటే, షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) ఉండగల ఆఖరి రోజు ఫిబ్రవరి 2. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్నది అక్కడి నియమం. ‘మూడు నెలలు కదా, ఫిబ్రవరి 5 దాకా ఉండొచ్చు’ అనుకుంటే మూడు రోజులు వీసా లేకుండా ఉన్నట్టే. దిగిన రోజూ లెక్కలోకి వస్తుంది, బయలుదేరిన రోజూ వస్తుంది: నవంబరులో 26, డిసెంబరులో 31, జనవరిలో 31, ఫిబ్రవరిలో 2. మధ్యలో జనవరి 6న దక్షిణ స్పెయిన్‌లోని అల్హెసిరాస్ రేవులో ఓడ ఎక్కి, షెంజెన్‌లో లేని మొరాకో వెళ్లి 16న తిరిగొస్తే 7 నుంచి 15 వరకు తొమ్మిది రోజులు మిగులుతాయి, గడువు ఫిబ్రవరి 11కు జరుగుతుంది. అందుకు షెంజెన్ వీసా పలుమార్లు ప్రవేశానికి పనికివచ్చేదై ఉండాలి, మొరాకో వీసా విడిగా తీసుకోవాలి. వీసా స్టిక్కరు మీద వేసిన రోజుల సంఖ్య 90 కంటే తక్కువైతే ఆ తక్కువే మీ గడువు. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేయడం మొదలైంది కాబట్టి ఒక్క రోజు తేడా కూడా బయటపడుతుంది.

ఇక ఈ వారం పాఠం నీళ్లు. పిల్లల దగ్గరికి జర్మనీకో నెదర్లాండ్స్‌కో వెళ్లి, అక్కడి చలికి నాలుగు గోడల మధ్య కూర్చోలేక, మోటార్‌హోమ్ తీసుకుని దక్షిణ స్పెయిన్‌కు దిగాలనుకునే మన అనంతపురం, కర్నూలు, కడప పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వేసవిలో ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక డ్రమ్ములు నింపిపెట్టుకున్న ఇల్లాలికి ఇందులో సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం బండికి సంబంధించినది.

మనం వెళ్లే చోటు కూడా నీళ్లు పుష్కలంగా ఉన్న చోటేమీ కాదు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, దక్షిణ స్పెయిన్‌లో మనం దిగే అల్మెరియాలో సుమారు 200 మాత్రమే. పక్కనే తాబెర్నాస్ ఎడారి. నీళ్ల విషయంలో మనకంటే గడ్డు ఊరికి అతిథులుగా వెళ్తున్నామన్నది మరిచిపోకూడదు.

బండిలో మూడు తొట్లు ఉంటాయి. మొదటిది మంచినీళ్లది, మామూలు బండిలో వంద లీటర్ల వరకు పడుతుంది. రెండోది స్నానం నీళ్లు, సింకు నీళ్లు చేరే మురుగు తొట్టి, తొంభై లీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మూడోది మరుగుదొడ్డి కింద బయటికి లాగి తీసే పెట్టె, పద్దెనిమిది, ఇరవై లీటర్లది. ఈ మూడింటిలో ఏది ముందు నిండినా, ఏది ముందు ఖాళీ అయినా మీ మకాం ఎత్తాల్సిందే.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లీటరు నీరంటే కిలో బరువు. మన కారు లైసెన్సుతో అక్కడ నడపగల బండి మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. ఇద్దరు మనుషులు, సామాన్లు, బియ్యం మూటలు ఎక్కాక ఆ హద్దుకు చాలా దగ్గరికి వస్తారు. ప్రయాణంలో ఇరవై, ముప్పై లీటర్లు ఉంచుకుని, దిగబోయే చోట తొట్టి నింపుకోవడం మంచిది.

వంద లీటర్లు ఇద్దరికి ఎన్ని రోజులు? వంటకు, తాగడానికి రోజుకు ఎనిమిది లీటర్లు, గిన్నెలకు ఆరు, రెండు స్నానాలకు పదహారు, మరుగుదొడ్డికి ఐదు, ముఖం కాళ్లు చేతులకు ఐదు. నలభై. అంటే రెండున్నర రోజులు. ఇదే ఇల్లు జాగ్రత్తగా నడిపితే రోజుకు ఇరవై ఐదుతో సరిపోతుంది, నాలుగు రోజులు కదలనక్కర్లేదు. తేడా అంతా స్నానంలోను, గిన్నెల్లోను ఉంది.

స్నానం దగ్గర ఆగి వివరంగా చూద్దాం. బండి షవర్ తిప్పి నిలబడితే నిమిషానికి ఏడెనిమిది లీటర్లు పోతాయి. వేడినీటి బాయిలర్ చాలా బండ్లలో పది లీటర్లదే. కాబట్టి షవర్ కింద తీరిగ్గా నిలబడే అలవాటు ఉన్నవారికి సబ్బు కడుక్కునేలోగా చన్నీళ్లు వస్తాయి. మన పద్ధతి ఇక్కడ ఎంతో నయం. ఎనిమిది లీటర్ల చిన్న బకెట్టు, ఒక చెంబు తీసుకెళ్లండి. వేడినీటి కుళాయి తిప్పగానే గొట్టంలో నిలిచిన చన్నీళ్లు లీటరున్నర దాకా ముందు వస్తాయి. అందరూ వాటిని వదిలేస్తారు. మా ఆవిడ వాటిని ఒక గిన్నెలో పట్టి బియ్యం కడగడానికి వాడుతుంది. ఆ బియ్యం కడిగిన నీళ్లే గిన్నెల మొదటి కడుగుకు పనికివస్తాయి. ఆ తర్వాత వచ్చే వేడినీళ్లు బకెట్టులో సగం పట్టి, చన్నీళ్లు తొలిపి, కుళాయి కట్టేసి చెంబుతో పోసుకుంటే తలంటు కాని రోజున ఆరు లీటర్లు చాలు. తలంటుకు పన్నెండు పెట్టుకోండి. ఆ రోజు క్యాంప్‌సైట్‌లో (డబ్బు కట్టి బండి నిలుపుకునే చోటు) ఉండేలా చూసుకుంటే అక్కడి స్నానాల గదిలో చేయవచ్చు, బండి నీళ్లు ముట్టనక్కర్లేదు.

గిన్నెలకు ఒకటే నియమం: జిడ్డు, పప్పు, పులుసు సింకులోకి పోకూడదు. ముందు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేయండి. మురుగు తొట్టిలోకి చింతపండు పిప్పి, తాలింపు నూనె చేరితే రెండో రోజుకే బండి అంతా కంపు కొడుతుంది, గొట్టం పూడుకుంటుంది. మన వంటకు ఈ జాగ్రత్త అక్కడివాళ్ల వంటకంటే రెట్టింపు అవసరం.

మరుగుదొడ్డి గురించి మొహమాటపడకుండా చెప్పుకోవాలి. మనం కాగితంతో సరిపెట్టుకోం, నీళ్లు వాడతాం. ఆ నీళ్లు కూడా పెట్టెలోకే పోతాయి. పెద్ద మగ్గు వాడితే రోజున్నరలో నిండుతుంది. పావు లీటరు పట్టే చిన్న చెంబు ఉంచుకుంటే ఇద్దరికి రెండు రోజులు దాటి వస్తుంది. పెట్టెను అందుకోసం కేటాయించిన చోట్లనే ఖాళీ చేయాలి.

ఇప్పుడు చలి చేసే పని. అల్మెరియా వెచ్చనే, కానీ మనం అనుకునే వెచ్చదనం కాదు. జనవరిలో అక్కడి పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 17 డిగ్రీలు, రాత్రి 8 ప్రాంతం. మన ఊళ్లో జనవరి తెల్లవారుజామున ఉండే చలి వాళ్ల మిట్టమధ్యాహ్నానికి ఉంటుంది. అక్కడ నీళ్లు గడ్డకట్టవు. గడ్డకట్టేది దారిలో. బండినీ నీళ్లనూ వేడిచేసే ట్రూమా కాంబి లాంటి హీటర్లకు బాయిలర్ పగలకుండా ఒక రక్షణ కవాటం (వాల్వు) ఉంటుంది. దాని చుట్టూ చలి 3 డిగ్రీలకు దిగగానే అది తనంతట తానే తెరుచుకుని బాయిలర్‌లోని నీళ్లు బండి కిందికి వదిలేస్తుంది. తెల్లారి లేచి చూస్తే బండి కింద మడుగు కనబడుతుంది. పంపు వేసి ఉంటే తొట్టిలోవి కూడా ఆ దారినే పోతాయి. తెలియనివారు బండి చెడిందని కంగారుపడతారు. చెడలేదు, చేయవలసిన పనే చేసింది. చుట్టూ 7 డిగ్రీలకు వేడెక్కే వరకు ఆ కవాటం మళ్లీ మూతపడదు; బలవంతం చేయకండి. హీటర్ వేసి బండి లోపల వెచ్చబడ్డాక మూయండి. రాత్రి పడుకునే ముందు పంపు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటు తొట్టిని కాపాడుతుంది.

దీన్ని బట్టే దారి కూడా ఎంచుకోవాలి. ఉత్తర స్పెయిన్‌లోని బుర్గోస్, ఆపై మాడ్రిడ్ మీదుగా వెళ్లే దారి ఎత్తైన పీఠభూమి మీదుగా పోతుంది. బుర్గోస్ 850 మీటర్లకు పైన ఉంది, డిసెంబరు రాత్రుల్లో మంచు పడుతుంది. బార్సిలోనా, వాలెన్సియా మీదుగా సముద్రాన్ని ఆనుకుని దిగితే చలి తక్కువ. నా సలహా ఎప్పుడూ సముద్రపు దారే.

నీళ్లు పట్టేటప్పుడు కుళాయి పక్కనున్న బోర్డు చదవండి. ‘అగువా పొటాబ్లే’ అని ఉంటే తాగవచ్చు, మధ్యలో ‘నో’ ఉంటే ముట్టవద్దు. అక్కడ వేలాడుతున్న గొట్టాన్ని నమ్మకండి, దానితో మరుగుదొడ్డి పెట్టె కడిగి ఉండవచ్చు. మీ గొట్టం, మీ బిగింపులు మీకుండాలి. కుళాయి మరలు అరంగుళానివీ ముప్పావు అంగుళానివీ కలిసి ఉంటాయి కాబట్టి రెండూ పెట్టుకోండి. అరనిమిషం నీళ్లు వదిలి తర్వాతే గొట్టం తగిలించండి.

స్పెయిన్‌లో మామూలు పార్కింగ్‌లో బండి ఆపి లోపల పడుకోవడానికి సాధారణంగా అభ్యంతరం లేదు. కానీ పందిరి దించినా, కుర్చీలు వేసినా, మురుగు నీళ్లు చుక్క కారినా అది పార్కింగ్ కాక మకాం వేయడం (క్యాంపింగ్) కిందికి వస్తుంది, జరిమానా పడుతుంది. మురుగు కవాటం మూసి ఉందో లేదో బండి ఆపగానే దిగి, వంగి చూడండి. సముద్రపు ఒడ్డున ఇసుక పక్కన రాత్రి ఉండటానికి వీల్లేదు.

ఇంటిపని. మన ఊళ్లో ఇంటింటికీ వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు నింపి వంటింట్లో వరుసగా పెట్టండి. మిద్దె మీది ట్యాంకు గేట్‌వాల్వు కట్టేయండి. వంట, స్నానం, గిన్నెలు, మరుగుదొడ్డి, అన్నీ ఆ ఐదు క్యాన్లతోనే. బట్టలు ఇందులో లేవు, వాటికి క్యాంప్‌సైట్‌లో యంత్రం దొరుకుతుంది. సింకు గొట్టం ఊడదీసి కింద బకెట్టు పెట్టి, రోజుకు ఎన్ని లీటర్ల మురుగు వచ్చిందో కొలవండి. ఏ క్యాను ఏ రోజు ఏ పూట ఖాళీ అయిందో గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. ఇంట్లో ఇద్దరూ చేయాలి, ఒక్కరే చేస్తే లెక్క తేలదు. మూడు రోజులు నిలిస్తే మీరు సిద్ధంగా ఉన్నట్టు. రెండు రోజులకే అయిపోతే స్నానం మొదలుకొని మళ్లీ చూసుకోండి.

వచ్చే పాఠం కరెంటు. డిసెంబరు 21 మధ్యాహ్నం అనంతపురంలో సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులో ఉంటే అల్మెరియాలో 30 దగ్గరే ఉంటాడు. అంత వాలు ఎండలో బండి కప్పు మీది సోలార్ పలక ఎంత ఇస్తుంది, మిక్సీకి అది చాలుతుందా అన్నది లెక్కకడదాం. ఈలోగా మీ మిక్సీ అడుగున ఎన్ని వాట్లని రాసి ఉందో చూసి పెట్టుకోండి.