కొత్త టైరు వేశాక బండి ఊగుతోందా? కోన్ సెట్ జోలికి పోకముందు ఇది చూడండి

కొత్త టైరు వేయించిన వారానికే "అన్నా, బండి ఊగతా ఉండాది" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగులు, మార్పించుకుని ఉంటారు. ఇంకొందరు ఫోర్క్ ఆయిల్, స్వింగార్మ్ బుష్‌లు కూడా అయిపోయాకే వస్తారు. డబ్బులు వదిలాయి, ఊగుడు మాత్రం వదల్లేదు. టైరు పక్కన ఉన్న సైజును చైన్ కవర్ మీది స్టిక్కర్‌తో పోల్చి చూశారా అని అడిగితే నా మొహం చూస్తారు. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. దాన్ని వదిలేసి జనం చేతికందిన పార్టల్లా మార్చుకుంటూ పోతుంటే బాధేస్తుంది. చక్రం విప్పడం, బిగించడం, గాలి కొట్టడం మీకు వచ్చనే అనుకుని చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు గాలి చూడండి. కొత్త టైరు అంచు రిమ్ములో గట్టిగా కూర్చోవాలని షాపులో మొదట గాలి ఎక్కువ కొడతారు. టప్‌మని శబ్దం వచ్చాక తగ్గించాలి. హడావుడిలో తగ్గించరు. బండి అలాగే ఇంటికి వచ్చేస్తుంది, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది, మలుపులో టైరు రోడ్డును పట్టుకోదు. ఇక గాలి కొలిచే వేళ సంగతి. మే నెలలో మధ్యాహ్నం పూట రేణిగుంట రోడ్డులో తిరిగి, వేడెక్కిన టైరుకు బంకులో కొలిస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని వదిలేస్తే తెల్లారేసరికి తక్కువ గాలితో నిలబడి ఉంటుంది. పొద్దున బండి తీయకముందు, సొంత గేజ్‌తో కొలవండి. పల్సర్ 150 అయితే ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32. మీ బండి లెక్క స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి సరిచేశాక కూడా తేడా ఉంటేనే కింద చదవండి.

తిన్నగా బాగానే పోతుంది, మలుపులో మాట వినదు

అసలు దొంగ ఇదే. చంద్రగిరి దాటి పాకాల వైపు తిన్నని రోడ్డులో పోతున్నంతసేపు ఏమీ తెలియదు. తిరుమలకు ఎక్కేటప్పుడూ పెద్దగా బయటపడదు. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, మలుపులు నింపాదిగా ఉంటాయి. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. అక్కడ ఎడమ మలుపు అయ్యీ కాకముందే కుడి మలుపు వస్తుంది. బండిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాల్చబోతే మొదట మొండికేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుందేమో అన్నట్టు వాలుతుంది. వాలాక కూడా వెనక చక్రం మెత్తమెత్తగా పక్కకు కదులుతున్నట్టు ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే ఇంకా ఎక్కువ. మొగిలి ఘాట్‌లో, భాకరాపేట ఘాట్‌లో తిరిగేవాళ్లు కూడా ఇదే మాట చెబుతారు.

కారణం రిమ్ముకు మించిన టైరు. వెనక 100/90-17 (వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 17 ఇంచులు) వచ్చే బండికి, ఎవరిదో యమహా ఎఫ్‌జెడ్‌కు ఉన్న 140/60-17 చూసి అదే కావాలంటారు. చివరి 17 రెండింటికీ ఒకటే కాబట్టి టైరు రిమ్ములోకి ఎక్కుతుంది. గాలి నిలుస్తుంది. వెనక నుంచి చూస్తే బండి నిండుగా కనబడుతుంది. టైరు కొత్తది, మంచి కంపెనీది, గాలి సరిగ్గా ఉంది. ఇన్ని బాగున్నాక దాని మీదికి అనుమానం ఎందుకు పోతుంది? అనుభవమున్న మెకానిక్‌లు కూడా అందుకే కోన్ సెట్ దగ్గర మొదలుపెడతారు.

ఎవరూ అడగనిది రిమ్ము వెడల్పు. 100/90 టైరుకు 2.15 నుంచి 2.75 ఇంచుల రిమ్ము సరిపోతుంది. 140 టైరును 4 ఇంచుల చుట్టుపక్కల రిమ్ము కోసం తయారుచేస్తారు. అంటే ఇంచున్నర దాకా తేడా. పెద్ద దిండును చిన్న గలీబులో కుక్కినట్టు టైరు అంచులు రెండూ దగ్గరికి నొక్కుకుపోయి, మధ్య భాగం పైకి తేలుతుంది. రిమ్ము అర ఇంచు తగ్గిన ప్రతిసారీ టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 140కి డబ్బు కట్టి మీరు ఎక్కించుకున్నది 125కి కాస్త అటూ ఇటూ ఉండే టైరు, అదీ దాని సొంత ఆకారం పోగొట్టుకుని.

ఆ ఆకారం వల్లే మిగతా బాధలన్నీ. తిన్నగా పోయేటప్పుడు నేలకు ఆనేది మధ్యలోని సన్నని పట్టీ మాత్రమే. వాల్చినప్పుడు ఆ ఉబ్బు మీద నుంచి బండి పక్కకు దొర్లుతుంది, ఆ ఒక్కసారిగా పడినట్టు అనిపించడం అక్కడిదే. టైరు పక్కలు రిమ్ము బయటికి పొంగి ఉంటాయి కాబట్టి బరువు పడితే అవి అటూ ఇటూ నలుగుతాయి, మీకు తెలిసే మెత్తదనం అది. ఇంకోటి కూడా ఉంది, లెక్క వేసి చూడండి. 100లో 90 శాతం అంటే టైరు ఎత్తు 90 మిల్లీమీటర్లు. 140లో 60 శాతం అంటే 84. బండి వెనక భాగం 6 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఆ మేరకు హ్యాండిల్ తిరగడంలో చురుకు తగ్గుతుంది. పైగా టైరు బరువెక్కువ, మైలేజీ కూడా పడుతుంది.

కంటితో పట్టుకోవడం తేలికే. బండికి సెంటర్ స్టాండ్ వేసి, వెనక గొంతుక్కూర్చోండి. చక్రం మీద పక్క నుంచి వెలుతురు పడాలి, పొద్దున ఎండ అయితే బాగుంటుంది. కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు ఉంటాయి కదా. ఘాట్ దిగి వచ్చిన టైరుకు అవి పక్కల దాకా అరిగిపోవాలి. రిమ్ముకు మించిన టైరులో మధ్యన రెండు వేళ్ల మేర మాత్రం మసకగా అరిగి, దానికి రెండు వైపులా వెంట్రుకలు షాపులో ఉన్నట్టే నిలబడి ఉంటాయి. తర్వాత చైన్ ఉన్న వైపు టైరు పక్కన వేలు పెట్టి ఒక చుట్టు తిప్పండి. నున్నగా, నల్లగా మెరిసే గీత తగిలితే చైన్ రాసుకుంటోందన్న మాట. రోజూ రాసుకునే టైరు ఒకరోజు పక్కన తెగుతుంది. పక్కన తెగినదానికి పంచర్ వేయరు, వేయకూడదు.

రిమ్ము కొలత రిమ్ము మీదే ఉంటుంది. అల్లాయ్ చువ్వల పక్కన పోత అక్షరాల్లో 17 × ఎంటీ 2.50 లాగా రాసి ఉంటుంది. ఆ 2.50యే వెడల్పు, ఇంచుల్లో. మట్టి పేరుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు తప్పకుండా చూడాలి. పాత ఓనరు టైరు మార్చాడో, వేరే మోడల్ అల్లాయ్ వేయించాడో మీకు చెప్పి ఉండడు. "టైరు మీద ఉన్నదే వేశాం" అని షాపువాళ్లు అనడం నిజమే, కానీ ముందే తప్పు సైజు ఉంటే కొత్తది కూడా తప్పే పడుతుంది.

పరిష్కారం ఒక్కటే. కంపెనీ సైజుకు తిరిగి రండి. కాస్త నిండుగా కావాలన్న ఆశ ఉంటే, రిమ్ము 2.50 ఉన్నచోట 110/80-17 దాకా పోవచ్చు, అదీ చైన్‌కూ మట్‌గార్డుకూ ఎంత చోటుందో చూసుకున్నాకే. లావు టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుందన్న నమ్మకం మన కుర్రాళ్లలో బాగా పాతుకుపోయింది. గ్రిప్ ఇచ్చేది రబ్బరు నాణ్యత, సరైన ఆకారం, సరైన గాలి. ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని కొండ దిగే బండిలో ఈ ముచ్చట వద్దని బతిమాలి చెబుతున్నాను.

గాలి మెల్లగా దిగుతోంది, పంచర్ మాత్రం దొరకడం లేదు

ట్యూబ్‌లెస్ టైరును నీళ్లలో ముంచితే బుడగ కనబడదు, నాలుగు రోజులకు గాలి సగమవుతుంది. రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పూసి కాసేపు ఆగండి. అక్కడ సన్నగా నురగ కడుతుంటే ముందు పైన చెప్పిన సైజు లెక్క చూడండి. రిమ్ముకు మించిన టైరు అంచు ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి గాలి అక్కడి నుంచే పోతుంది. సైజు సరిగ్గానే ఉంటే రిమ్ము అంచున తుప్పో, పాత రబ్బరు ముక్కలో మిగిలి ఉంటాయి. విప్పి, గీకి, మళ్లీ ఎక్కించాలి. వాల్వును మాత్రం టైరుతో పాటే కొత్తది వేయించుకోండి, పాత వాల్వు మెడ దగ్గర పగుళ్లిస్తుంది. చువ్వల రిమ్ములో ట్యూబు తీసేసి ట్యూబ్‌లెస్‌గా నడపాలని చూడకండి.

కొత్త టైరే, వానలో జారుతోంది

మన తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. టైర్లు ఎక్కువగా మార్చుకునేదీ అప్పుడే, జారిందన్న ఫిర్యాదులూ అప్పుడే. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వాల్చకూడదు, గట్టిగా బ్రేకు వేయకూడదు. వానాకాలానికి టైరు వేయించేవాళ్లు వానకు రెండు వారాల ముందే వేయించుకుంటే ఆ పొర పొడి రోడ్డు మీదే అరిగిపోతుంది.

అది దాటాక కూడా జారుతుంటే తయారీ తేదీ చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు విడిగా ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, షాపు ముందు ఎండకు వేలాడదీసిన టైరయితే ఇంకా తొందరగా. ఏడాది లోపుదే అడగండి. మూడేళ్లు దాటినదాన్ని ఎంత తగ్గించి ఇచ్చినా నేను తీసుకోను. ఇంకో సంగతి, వాటర్ సర్వీసు చేసే చోట బండి మెరవడానికి డీజిలో పాలిషో కొడతారు. అది టైరు మీద పడకుండా ముందే చెప్పండి. పడితే సబ్బు నీళ్లతో కడిగాకే బయలుదేరండి.

బరువు వేస్తే వెనక టైరు నలిగిపోతోంది

పాల క్యాన్లు, కూరగాయల మూటలు వేసుకుని తిరిగే బండ్ల సమస్య ఇది. వాళ్లూ లావు టైరే మందనుకుంటారు. సైజు పక్కన ఉండే అంకె చూడండి. 80/100-18 టైరులోనే 47 పి, 54 పి అని రెండు రకాలు దొరుకుతాయి. 47 అంటే 175 కిలోలు, 54 అంటే 212 కిలోలు మోయగలదని అర్థం. స్ప్లెండర్‌కు ముందు 47, వెనక 54 వస్తుంది. సైజు ఒకటే కదా అని ముందుది తీసి వెనక వేస్తే నలగక ఏమవుతుంది? పాత 2.75-18లో కూడా 42, 48 ఉంటాయి, అంటే 150, 180 కిలోలు. వెనకకు ఎప్పుడూ పెద్ద అంకెదే అడగండి, సైజు మార్చకండి. ఆ పక్కనున్న పి అక్షరం వేగానిది, గంటకు 150 కిలోమీటర్లు.

ఒక వేగంలో హ్యాండిల్ అదురుతోంది

చక్రాన్ని గాల్లో తిప్పుతూ రిమ్ము పక్కన టైరు మీదున్న సన్నని గీతను చూడండి. రిమ్ముకూ ఆ గీతకూ మధ్య ఎడం చుట్టూరా ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు నీళ్లు పూసి మళ్లీ కొట్టాలి. బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉందో లేదో, పసుపు చుక్క వాల్వు దగ్గరికి వచ్చిందో లేదో కూడా అప్పుడే చూసేయండి. వెనక చక్రం విప్పి బిగించాకే మొదలైతే చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయా చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

బేరింగ్ పోవడం, రిమ్ము వంగడం, టైరే ఫ్యాక్టరీ నుంచి లోపంతో రావడం కూడా ఉంటాయి కానీ అరుదు. చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపితే బేరింగ్ సంగతి, తిప్పి చూస్తే రిమ్ము సంగతి అక్కడికక్కడే తేలిపోతాయి. ఫ్యాక్టరీ లోపమైతే బిల్లు తీసుకుని కొన్న షాపుకే వెళ్లండి. అందుకే బిల్లు మీద టైరు సైజుతో పాటు ఆ నాలుగంకెల తేదీని కూడా కొన్న రోజే రాయించుకోండి.