పాత ట్విన్ రివెర్బ్‌కు కొత్త వాల్వులు కొనే ముందు

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1960ల నడుమ తయారైన ఫెండర్ ట్విన్ రివెర్బ్ గిటారు యాంప్లిఫైయర్ మీ చేతికొచ్చింది. ఆన్ చేయగానే హోరు. వెనుక స్పీకర్‌ను నడిపే నాలుగు పవర్ వాల్వుల్లో (వాక్యూమ్ ట్యూబుల్లో) రెండు ఎర్రగా కాలుతున్నాయి. వెంటనే ఆపేయండి. కొత్త వాల్వులు మార్చితే సరిపోతుందని మాత్రం అనుకోకండి. లోపం బయాస్‌లో, అంటే వాల్వులో పారే కరెంటును అదుపులో ఉంచే మైనస్ వోల్టేజిలో ఉంటే కొత్తవి నాలుగూ అదే దారి పడతాయి.

మొదట ప్రాణభద్రత. ఇందులో వాల్వు ప్లేటుకు (కరెంటు చేరే ఎలక్ట్రోడుకు) అందే వోల్టేజి సుమారు 460. ప్లగ్గు పీకినా అది ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉండవచ్చు. ఛార్జిని ఖాళీ చేసే రెసిస్టర్లు లోపల ఉన్నా, అరవై ఏళ్లలో అవీ తెగి ఉండవచ్చు. 10 కిలో ఓములు, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఛాసిస్‌కూ (లోహపు చట్రానికీ) కెపాసిటర్ ప్లస్ కొసకూ కలిపి అర నిమిషం ఉంచి, ప్రతి కెపాసిటర్ మీదా మీటరు పెట్టి చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పనికి కూర్చోవద్దు.

రెండు పిన్నుల పాత తీగ ఉంటే, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను తీసేయించి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించండి. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే మెయిన్స్ నేరుగా గిటారు తీగల మీదికి వస్తుంది. దీన్ని వాయిదా వేయకండి. అమెరికా మోడల్‌కు మన 230 వోల్టులు ఇవ్వకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ముందు 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. స్పీకర్ లేకుండా ఎప్పుడూ నడపవద్దు.

ఇక బయాస్. బల్బు నిండుగా వెలగకపోతే దాన్ని తప్పించి, పవర్ వాల్వులు నాలుగూ తీసేసి, ఆన్ చేసి, ప్రతి సాకెట్ 5వ పిన్ను మీద వోల్టేజి చూడండి. వాల్వులు లేనప్పుడు హై వోల్టేజి ఇంకా పెరుగుతుంది కనుక ఒక చేయి వెనక్కే ఉండాలి. అన్నిచోట్లా మైనస్ 50 దరిదాపుల్లో ఉండాలి. నాలుగింటా తక్కువగా ఉంటే బయాస్ సరఫరాలోని చిన్న కెపాసిటర్ ఎండిపోయి ఉంటుందని మొదట అనుమానించండి. ఒక జతలో మైనస్ 50, మరో జతలో మైనస్ 38 కనిపిస్తే ఆ రెండో జతకు సిగ్నల్ అందించే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ లీకవుతున్నట్టే. అవి సరిచేశాకే వాల్వులు. సిగ్నల్ లేనప్పటి కరెంటును ఒక్కోదానికి 35 మిల్లీఆంపుల దగ్గర మొదలుపెడితే సుమారు 16 వాట్లు. ఇందులో వాడే 6ఎల్6జీసీ రకం పవర్ వాల్వుకు పరిమితి 30 వాట్లు కనుక నిశ్చింతగా నడుస్తుంది.

చప్పుడు సంగతి కొంత సులువు. వాల్యూమ్ తగ్గించినా మారని, సెకనుకు 100 సైకిళ్ల హోరైతే ఫిల్టర్ కెపాసిటర్లు. చిటపటలైతే ఎండిన చెక్కపుల్లతో ప్రీయాంప్ వాల్వుల్ని (గిటారు సిగ్నల్‌ను మొదట పెంచే చిన్న వాల్వుల్ని) మెల్లగా తట్టండి, చప్పుడు చేసేదాన్ని మార్చండి. వాల్వు మార్చినా వానాకాలంలో చిటపటలు పెరుగుతుంటే, తేమ పీల్చుకునే 100 కిలో ఓముల కార్బన్ ప్లేటు రెసిస్టర్లు మార్చాలి.