పార్కులో మెటల్ డిటెక్టర్ తిప్పే ముందు: విజయవాడ, గుంటూరు వాళ్ళకి

డిటెక్టర్ ఇంటికి రాగానే అందరి చూపూ పార్కు మీదకే పోతుంది. నేల చదును, పచ్చిక మెత్తన, రోజూ వందల మంది తిరిగే చోటు. చిల్లరో, చెవి దుద్దో ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది. కానీ పార్కులో మనల్ని చిక్కుల్లో పడేసేది చేతిలోని యంత్రం కన్నా సంచిలోని తాపీ. నేల తవ్విన క్షణం నుంచి వ్యవహారం మారిపోతుంది. పైగా మన వైపు డిటెక్టర్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది గుప్తనిధుల వేట. గుళ్ళ దగ్గర, కోటల దగ్గర రాత్రిళ్ళు తవ్వి పట్టుబడ్డ ముఠాల వార్తలు అందరూ చదివే ఉంటారు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, చూసేవాళ్ళు మిమ్మల్ని ఆ కళ్ళతోనే చూస్తారు. అందుకే కాగితం పని ముందు, యంత్రం తర్వాత.

నేల ఎవరిదో మొదట తేల్చుకోండి. విజయవాడలో రాజీవ్ గాంధీ పార్కు, రాఘవయ్య పార్కు, గుంటూరులో గాంధీ పార్కు, మానస సరోవరం లాంటివి నగరపాలక సంస్థల చేతిలో ఉన్నాయి. కాలనీ పార్కుల దగ్గరే చాలామంది పొరపడతారు. మొక్కలకు నీళ్ళు పోయించేది, గేటు తాళం పెట్టుకునేది కాలనీ సంఘమే కావచ్చు. అయినా లేఅవుట్‌లో పార్కు కోసం వదిలి స్థానిక సంస్థకు అప్పగించిన జాగా ఆ సంస్థదే. సంఘం అధ్యక్షుడు ‘కానీయండి’ అన్నా, వాచ్‌మన్ గేటు తీసినా అది అనుమతి కాదు. స్థానిక సంస్థల ఆస్తి కూడా 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టంలో శిక్ష అయిదేళ్ళ దాకా ఉంది. జానెడు గుంటకి అంత దాకా రాదని ధీమాగా ఉండకండి. పచ్చిక పాడైందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

కొన్ని చోట్లకి దరఖాస్తు పెట్టే ఆలోచన కూడా వద్దు. మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి అడుగున అక్కన్న మాదన్న గుహలు, ఉండవల్లి గుహలు, అమరావతి స్తూపం, భట్టిప్రోలు స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత స్థలంలో తవ్వకం ఆ శాఖ అధికారులు చేయాలి, లేదా లైసెన్సు పొందిన పరిశోధకులు చేయాలి. సరదా కోసం తవ్వేవాళ్ళకి ఆ లైసెన్సు దొరకదు. ప్రాచీన కట్టడాలను కాపాడే 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణతో రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అయ్యాయి. ఆ దూరాలు ముఖ్యంగా కట్టడాలకు, క్వారీలకు పెట్టినవే. అయినా మీ హద్దుగా 300 మీటర్లు పెట్టుకోవడమే క్షేమం. మొగల్రాజపురంలో గుహలు వీధుల మధ్యే ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ తీసి దూరం కొలవకుండా ఆ చుట్టుపక్కల పెరట్లో కూడా తవ్వకండి. కొండపల్లి కోట రాష్ట్ర పురావస్తు శాఖది, దాని చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు. అక్కడ రెండు శాఖలూ అడ్డే. గుడి మాన్యాలు, రైల్వే స్థలాలు కూడా ఈ లెక్కలోనే వదిలేయండి.

ఇక కృష్ణ ఒడ్డు. భక్తులు నీళ్ళలో వేసిన నాణేల కోసం తాడుకి అయస్కాంతం కట్టి లాగేవాళ్ళు నదుల దగ్గర కనిపిస్తుంటారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనట్లేదు కదా అని ఘాట్ దగ్గర డిటెక్టర్ దించకండి. నదీగర్భం ప్రభుత్వ భూమి, ఘాట్లు జనం స్నానం చేసే చోట్లు, పైన బ్యారేజీ ఉంది. గేట్లు ఎత్తితే నీటి మట్టం చూస్తుండగానే పెరుగుతుంది.

ఇన్ని తీసేశాక మిగిలేవి రెండు: యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న ప్రైవేటు పొలాలు, పెరళ్ళు ఒకటి; నగరపాలక సంస్థ కమిషనర్ అనుమతి ఇచ్చిన పార్కు రెండోది. పార్కుకి అనుమతి దొరికే అవకాశం ఎక్కువగా ఉండేది ఒక్క సందర్భంలోనే. ఎవరిదో వస్తువు పోయింది, దాన్ని వెతికిపెట్టాలి. ‘ఊరికే తిప్పుకుంటాం’ అని అడిగితే సంతకం పెట్టే అధికారికి అందులో కారణం కనిపించదు. ఉత్తరం కమిషనర్ పేరిట, ఒకే పేజీలో, ఇలా ఉంటే చాలు:

‘ఫలానా పార్కులో ఫలానా తేదీన నా బంధువు ఉంగరం పోయింది. ఫలానా తేదీ ఉదయం 6 నుంచి 8 గంటల మధ్య, తూర్పు గేటు పక్క పచ్చికలో సుమారు 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మేర, చేత్తో పట్టుకునే మెటల్ డిటెక్టర్‌తో వెతకడానికి అనుమతి కోరుతున్నాను. 10 సెంటీమీటర్ల కన్నా లోతు తవ్వను. తీసిన మట్టి, పచ్చిక అప్పుడే యథాస్థితిలో పెడతాను. విద్యుత్ లైన్లు, నీటి పైపులు ఉన్న చోటు ముట్టను. పని జరిగినంతసేపూ మీ సిబ్బంది దగ్గరుండవచ్చు. వేరే ఏ వస్తువు దొరికినా మీ సిబ్బందికి రసీదు తీసుకుని అప్పగిస్తాను.’

కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఆధార్ నకలు. వస్తువు పోయినవాళ్ళ సంతకం కూడా తీసుకోండి. ఆ ఉంగరం ఫోటో ఉంటే మరీ మంచిది. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర పడినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఉత్తరం అందింది అనడానికే అది రుజువు. అనుమతి వచ్చాక దాని నకలు ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రండి. వెతికే రోజు అసలు కాగితం జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. చీకట్లో, తలకి లైటు కట్టుకుని మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి. అనుమానానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

పొలమైతే యజమానితో తెల్ల కాగితం మీద సర్వే నంబరు, తేదీ, దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్నది రాయించుకోండి. కౌలుకి ఇచ్చిన పొలమైతే కౌలురైతుకి కూడా చెప్పాలి. పంట మీద అడుగు పెట్టేది ఆయన సొమ్ము మీదే.

ఇప్పుడు యంత్రం సంగతి. సరదా కోసం వాడే డిటెక్టర్లు ఎక్కువగా వి.ఎల్.ఎఫ్. (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే) రకం. రూపాయి బిళ్ళంత వస్తువుని మంచి నేలలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో పట్టుకుంటాయి. పార్కులో చెత్త ఎక్కువ కనుక 11 అంగుళాల కాయిల్ (కర్ర చివర నేల మీద తిప్పే పళ్ళెం లాంటి భాగం) తీసేసి 6 అంగుళాలది పెట్టండి. లోతు కొంచెం తగ్గుతుంది, పక్కపక్కన ఉన్న సీసా మూతనీ ఉంగరాన్నీ విడిగా చెబుతుంది.

ఇనుము శబ్దాలు విసుగనిపించి డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల శబ్దాన్ని ఆపే అమరిక) పెంచేస్తే రెండు నష్టాలు. ఒకటి, 1992 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళలు అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. యంత్రం వాటిని ఇనుము కింద కొట్టేస్తుంది, లేదా తెర మీద లోహం రకాన్ని సూచించే అంకె నిలకడ లేకుండా ఎగురుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. సన్నటి బంగారు ఉంగరం అంకె అల్యూమినియం రేకు ముక్కల అంకెల మధ్యే పడుతుంది. రేకులు వద్దనుకుని ఆ అంకెలు మూసేస్తే ఉంగరం మీదుగా కాయిల్ వెళ్ళినా యంత్రం నోరు మెదపదు. పోయిన నగ కోసం వెతికేటప్పుడు ఇనుము తప్ప అన్నీ వినాల్సిందే.

నగల్లో తేడాలు తెలుసుకుంటే సగం పని అయినట్టే. సన్న గొలుసు యంత్రానికి ఒకే వస్తువుగా కనపడదు, ప్రతి లింకూ విడిగా చిన్న ముక్కలా ఉంటుంది. అందుకే అరంగుళం లోతులో ఉన్నా పలకకపోవచ్చు. పలికేది కొక్కెం, లాకెట్. పుస్తెలతాడు పోతే పుస్తెలే దారి చూపిస్తాయి. నల్లపూసలు గాజు, వాటికి శబ్దం రాదు. వెండి మెట్టెలు, పట్టీలు పెద్ద అంకెతో గట్టిగా పలుకుతాయి. చెవి దుద్దు 5 సెంటీమీటర్లు దాటితే ఆశ తక్కువ. ఇంట్లో అలాంటి నగే ఇంకొకటి ఉంటే, ముందు దాన్ని పచ్చిక మీద పెట్టి మీ యంత్రం ఏ అంకె చూపిస్తుందో రాసుకోండి. ఈ చిన్న పనికి బద్ధకించి గంటలు వృథా చేసుకునేవాళ్ళు ఎంతోమంది.

పార్కు దీపాల దగ్గర, హైటెన్షన్ తీగల కింద యంత్రం గుయ్‌మంటుంది. సెన్సిటివిటీ తగ్గించండి, ఫ్రీక్వెన్సీ మార్చే వీలుంటే మార్చండి. శబ్దం ఒక చుక్క దగ్గర కాకుండా గీతలా సాగుతుంటే కింద కేబుల్ ఉందని అర్థం. దీపాల కేబుల్ కొన్నిచోట్ల జానెడు లోతులోనే ఉంటుంది, ఆ గీతకి రెండు వైపులా అర మీటరు వదిలేయండి. పీవీసీ పైపు సంగతి మరీ ప్రమాదం. అది ప్లాస్టిక్ కాబట్టి యంత్రానికి అసలు వినపడదు. తోటమాలిని అడిగి నీటి లైను ఎటు పోతుందో తెలుసుకున్నాకే తాపీ తీయండి.

వెతికే చోట మీటరుకొకటి చొప్పున పురికొస తాళ్ళు కట్టి వరుసలు చేసుకోండి. కాయిల్ నేలకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, నేలకి సమానంగా, ప్రతి ఊపూ ముందటి ఊపుని సగం కప్పేలా నడవాలి. ఊపు చివర కాయిల్ పైకి లేపితే అక్కడ లోతు పోతుంది. కొత్తవాళ్ళంతా చేసే తప్పు ఇదే. వంద చదరపు మీటర్లకి గంట పడుతుంది. ఒకసారి నిలువుగా అయ్యాక అడ్డంగా ఇంకోసారి తిరగండి.

గుంటూరు వైపు నల్లరేగడిలో ఇంకో చిక్కు. వేసవిలో నేల బీటలు వేస్తుంది. ఉంగరం బీటలోకి జారిందంటే మూర లోతుకి పోవచ్చు. ఎండినప్పుడు నేల రాయిలా ఉంటుంది, తడిసిన రోజు బంకలా అంటుకుంటుంది. వాన పడ్డ రెండు మూడు రోజులకి, అడుగు దిగబడకుండా ఉన్నప్పుడు వెళ్ళడం ఉత్తమం. కృష్ణ ఒడ్డున నల్ల ఇసుక చారలున్న పొలాల్లో అడుగడుగునా గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల శబ్దాన్ని యంత్రం పట్టించుకోకుండా చేసే అమరిక) సరిచేసుకోవాల్సి వస్తుంది.

శబ్దం దొరికింది. వెంటనే తవ్వకండి. పచ్చికలో పడ్డ నగ చాలాసార్లు వేళ్ళతో దువ్వితేనే బయటపడుతుంది. తర్వాత పిన్‌పాయింటర్‌తో (వస్తువు ఉన్న చోటుని కచ్చితంగా చూపే చేతి డిటెక్టర్) చూడండి. తప్పదనుకుంటేనే మూడు వైపులా కోసి, నాలుగో వైపు వేర్లు తెగకుండా పచ్చికని మూతలా తెరవండి. మట్టి పచ్చిక మీద పోయకుండా పక్కన గోనెపట్టా పరిచి దాని మీద వేయండి. వస్తువు తీశాక గుంటలో ఇంకోసారి పిన్‌పాయింటర్ పెట్టి చూసి, మట్టి మొత్తం తిరిగి నింపి, పచ్చిక మూసి, కాలితో అదిమి, అర లీటరు నీళ్ళు పోయండి. మే ఎండల్లో ఇంత చేసినా కోసిన పచ్చిక మాడిపోతుంది. ఆ నెలలో తాపీ ఇంట్లో వదిలేసి వెళ్ళడం మేలు.

మీరు వెతికింది కాకుండా ఇంకొకరి ఉంగరం దొరికితే? అది మీది కాదు. యజమాని కోసం ప్రయత్నించకుండా దాచుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం, కనీస శిక్ష ఆరు నెలలు. పార్కు సిబ్బందికో స్టేషన్‌లోనో ఇచ్చి రసీదు తీసుకోండి.

పాతది దొరికితే పద్ధతి వేరు. భూమిలో దాగి ఉన్న విలువైనది ఏదైనా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం ‘నిధి’. విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. ఆ పది రూపాయలు 1878 నాటివే, ఇంతవరకు మారలేదు. కాబట్టి ఒక్క వెండి రూపాయి ఉన్నా చెప్పాల్సిందే. ఉత్తరంలో దొరికిన వస్తువులు, సుమారు విలువ, చోటు, తేదీ రాయాలి. వస్తువుని ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని హామీ ఇవ్వాలి. కలెక్టర్ ప్రకటన ఇచ్చి, నాలుగు నుంచి ఆరు నెలల లోపు హక్కుదారులు రావాలని గడువు పెడతారు. హక్కుదారు లేని నిధి అని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మూల చట్టంలో దొరికించుకున్నవాళ్ళకి ముప్పాతిక, స్థల యజమానికి పాతిక అని ఉంది. లోహం విలువకి అయిదో వంతు కలిపి చెల్లించి ప్రభుత్వమే తీసుకోవచ్చు కూడా. చెప్పకుండా దాస్తే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు.

ఏ కలెక్టర్ అన్నది మన దగ్గర తప్పకుండా చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. విజయవాడలో దొరికితే ఎన్టీఆర్ జిల్లా. బ్యారేజీ దాటి తాడేపల్లి, ఉండవల్లిలో అయితే గుంటూరు. అమరావతి, ధరణికోట పల్నాడు జిల్లాలోవి, ఉత్తరం నరసరావుపేటకి వెళ్ళాలి. భట్టిప్రోలు వైపు అయితే బాపట్ల.

ఉత్తరం రాసేదాకా వస్తువుని కడగొద్దు. చింతపండు, పీతాంబరి, సున్నం ఏదీ వద్దు. ఈ ప్రాంతంలో సాతవాహనుల సీసపు నాణేలు దొరుకుతాయి. సీసం మెత్తన, పైన పట్టిన తెల్లటి పొరని గీకితే దానితోపాటు ముద్ర కూడా పోతుంది. దొరికిన చోటనే, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. లోతు, లొకేషన్ రాసుకోండి, మట్టితో సహా కాగితం కవరులో పెట్టండి. పక్కన కుండపెంకులో, ఇటుకల వరుసో కనబడితే ఇక ఒక్క అంగుళం కూడా తవ్వకండి. ఎముకలు కనబడితే 112కి ఫోన్ చేసి అక్కడే ఉండండి.