లైట్‌హౌస్ చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

లైట్‌హౌస్ చరిత్ర రాద్దామనుకునేవాళ్ళు చాలామంది ముందు గోడ మీదున్న శిలాఫలకం ఫోటో తీసుకుని ఆ సంవత్సరం రాసేసుకుంటారు, నేనైతే అది ఆఖర్న చూడమంటాను, ఎందుకంటే అది ఇప్పుడు నిలబడున్న టవర్ కట్టిన సంవత్సరం మాత్రమే, అక్కడ దీపం అంతకు చాలా ముందే వెలిగుండొచ్చు. ఇంగ్లండ్‌లో ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ చూడండి, ఇప్పుడున్నది 1882ది, మొదటిది 1698లోనే వెలిగింది, మధ్యలో రెండు వచ్చి పోయాయి. 1759లో స్మీటన్ అనే ఇంజనీర్ కట్టిన మూడోది గట్టిగానే ఉన్నా, కింద రాయిని సముద్రం కోసేస్తుంటే విప్పేయాల్సొచ్చింది.

అందుకే ముందు లిస్ట్ ఆఫ్ లైట్స్ పట్టుకోండి. ఓడలవాళ్ళ కోసం వేసే పుస్తకం ఇది, ప్రతి దీపం ఎక్కడుంది, ఏ రంగు, ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుంది, ఎంత దూరం కనిపిస్తుంది అన్నీ ఉంటాయి. పాత ఎడిషన్లు దొరికినన్ని తెచ్చి వరసగా పెట్టి చూడండి, ఎక్కడ అంకె మారిందో అక్కడ ఒక కథ ఉన్నట్టే. ఫ్లాష్ మారితే లెన్సో యంత్రమో మార్చుంటారు, దూరం పెరిగితే దీపం మారుండొచ్చు, చోటు మారితే టవరే కొత్తది కావచ్చు. ఒక్క జాగ్రత్త, అందులో ఎత్తు అంటే మామూలుగా సముద్రం పోటు మట్టం నుంచి దీపం దాకా, టవర్ ఎత్తు కాదు, కొండ మీద పొట్టి టవర్‌కి కూడా పెద్ద అంకె ఉంటుంది, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

తర్వాత పాత నావికా మ్యాపులు. ఒక్కోదాంట్లో టవర్ నుంచి నీళ్ళ దాకా దూరం కొలిచి రాసుకోండి, తీరం ఎంత జరిగిందో తెలిసిపోతుంది. అమెరికాలో కేప్ హాటరస్ టవర్ 1870లో కట్టారు, సముద్రం దగ్గరికొచ్చేస్తుంటే 1999లో మొత్తం టవర్‌నే సుమారు 880 మీటర్లు లోపలికి జరిపారు.

పర్మిషన్ తీసుకుని పైకెక్కితే లెన్స్ ఫ్రేమ్ మీద తయారీదారు ప్లేట్ వెతకండి. గాజు వలయాలతో దీపం వెలుగుని ఒకవైపుకి మళ్ళించే ఫ్రెనెల్ లెన్స్ మొదట 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో పెట్టారు కాబట్టి అంతకు ముందు కాలానికి ఆ లెన్స్ అంటగట్టొద్దు. కొన్ని పాత లెన్సులు పాదరసం మీద తేలుతూ తిరుగుతాయి, అది విషం, ముట్టుకోవద్దు.

చుట్టుపక్కల కూడా తిరగండి, కాపలావాళ్ళ ఇళ్ళు, బావి, విడిగా కట్టిన నూనె గది, ఇవన్నీ ఫోటోలు తీసి మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. దగ్గర్లో చేపలు పట్టే పెద్దవాళ్ళు ఆ దీపాన్ని ఏమని పిలుస్తారో, దాన్ని చూసి వల ఎక్కడ వేసేవాళ్ళో అడిగి రికార్డ్ చేయండి, వాళ్ళు చెప్పిన సంవత్సరాలు మాత్రం లిస్ట్‌తో సరిచూసుకున్నాకే రాయండి.