లక్ష్యం గీత పక్కన అసలు పని గీత: ఎక్సెల్‌లో సరిగ్గా రావాలంటే

12 వారాల్లో 240 పైల్స్ (పునాది కోసం నేలలోకి లోతుగా దింపే స్తంభాలు) వేయాలి అనుకుందాం. వారానికి 20 అని సమానంగా పంచి లక్ష్యం గీయకండి. రిగ్ (పైల్స్ కోసం నేల తొలిచే యంత్రం) దిగి కుదురుకునే మొదటి రెండు వారాలకు 8, 12. మధ్య ఎనిమిది వారాలకు 25 చొప్పున. చివరి రెంటికి 12, 8 పెట్టండి. తిన్నని గీత గీస్తే రెండో వారానికే మొత్తం 40 అయి ఉండాలని చూపించి, బాగానే నడుస్తున్న పనిని ఆలస్యంగా చూపిస్తుంది.

రెండు గీతలూ వారం వారం పెరిగే మొత్తాన్ని చూపిస్తాయి. ఆ మొత్తం కూడిక సులువే: పై గడిలోని మొత్తానికి ఈ వారం పని కలపడం. చిక్కంతా ఇంకా రాని వారాలతోనే. ఫార్ములా కిందిదాకా లాగితే పాత మొత్తమే దిగిపోయి, పని ఆగిపోయినట్టు గీత అడ్డంగా సాగుతుంది. వారం గడి ఖాళీగా ఉంటే ఎన్‌ఏ ఎర్రర్ (#N/A, విలువ లేదని చెప్పే గుర్తు) ఇచ్చేలా ఇఫ్ (IF) ఫార్ములా రాయండి. గీత ఈ వారంతో ఆగిపోతుంది. నిజంగా పని జరగని వారానికి మాత్రం 0 కొట్టాలి.

ఆరో వారానికి లక్ష్యం 120, అయినవి 90 అయితే నిలువు తేడా 30 పైల్స్. అందరూ అదే చూస్తారు కానీ అడ్డం తేడా ముఖ్యం: లక్ష్యం గీత 90ని ఐదో వారం ముగిసేలోపే దాటింది, అంటే వెనకబాటు వారం పైచిలుకు. మిగిలిన 150ని గత మూడు వారాల సగటుతో భాగించండి. సగటు 20 అయితే ఏడున్నర వారాలు, పని 14వ వారంలోకి పోతుంది.

పైల్స్ సంఖ్య మారితే పాత లక్ష్యాన్ని చెరపకుండా కొత్త కాలమ్ చేర్చండి. బిల్లు దగ్గర పేచీ వస్తే రెండూ కావాలి.