సున్నంతో కట్టిన పాత కాలేజీ భవనాన్ని బాగు చేయించడం ఎలా

మన ప్రాంతంలో వందేళ్లకు పైబడిన చాలా కాలేజీ భవనాలకు కట్టినప్పుడు సిమెంటు సోకలేదు. ఇటుక, రాయి, డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం), టేకు దూలాలతోనే వాటిని కట్టారు. హైదరాబాదు కోఠీలో 1803లో పని మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ, 1949లో మహిళా కళాశాలకు నెలవైంది. దాన్ని ఇటీవల బాగు చేసినప్పుడు కూడా నిపుణులు సున్నాన్నే నమ్ముకున్నారు. అంతటి పేరు లేని జిల్లా కాలేజీ భవనానికైనా పాటించవలసిన సూత్రం ఇదే. ఇనుప చువ్వలు వేసి కాంక్రీటుతో కట్టిన తర్వాతి కాలపు భవనాలకు ఈ పద్ధతి వర్తించదు.

సిమెంటు ఎందుకు పనికిరాదో భవన కమిటీ సభ్యులందరికీ ముందుగా అర్థం కావాలి. మా కాలేజీ పాత బ్లాకులో, చెమ్మ పట్టిన ఒక తరగతి గదిలో, ఎప్పుడో వేసిన సిమెంటు పూతను ఉలితో జానెడు మేర తీయించాను. పూత రాయిలా గట్టిగా ఒకే పెళ్లగా ఊడి వచ్చింది. దాని వెనుక ఇటుక మాత్రం వేలు తగిలితే చాలు ఎర్రని పొడిగా రాలింది, ఆ పొడిలో తెల్లని ఉప్పు మెరిసింది. నేలలోని తడి గోడలోకి పాకడం పాత భవనాలకు సహజమే. సున్నపు పూత ఆ తడిని బయటికి ఆరనిస్తుంది, సిమెంటు పూత ఆరనివ్వదు. దారి మూసుకుపోయిన తడి మరింత పైకి ఎక్కుతుంది, అందులోని ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులతోనూ ఇదే ప్రమాదం ఉంది కనుక లోపలా బయటా వెల్ల వేయించడమే మేలు.

పని మొదలుపెట్టే ముందు కనీసం ఒక వానాకాలమంతా భవనాన్ని గమనించండి. ఏ గదిలో, ఏ మూల, ఎంత ఎత్తున తడి కనిపించిందో తేదీతో సహా రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. పగుళ్లకు అడ్డంగా సన్నని గాజు పట్టీలను రెండు చివరలా అతికించండి. కొన్ని నెలల్లో గాజు విరిగితే ఆ పగులు ఇంకా కదులుతున్నట్టే కాబట్టి, పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవకుండా దాన్ని పూడ్చవద్దు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు మీ భవనం ఉంటే మరమ్మతుకు కూడా అనుమతి కావాలి, ఆ పైన మరో 200 మీటర్ల వరకు కూడా ఇదే నియమం.

మొదట చేయవలసింది నీటి పని. చూరు గొట్టాలు, తూములు శుభ్రం చేయించి, పగిలినవి మార్పించండి. ఏళ్ల తరబడి పోసిన మట్టి, కాంక్రీటు వల్ల బయటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తయి ఉంటే, గోడ చుట్టూ దాన్ని దించి నీరు దూరంగా పోయేలా వాలు ఇవ్వండి. చాలా గదుల్లో చెమ్మ సగం ఈ ఒక్క పనితోనే తగ్గుతుంది. గోడలో మొలిచిన రావి మొక్కను మాత్రం పీకించవద్దు, వేరుతో పాటు ఇటుకలు కదిలివస్తాయి. కాండం కోయించి, వేరు చచ్చిన తర్వాత జాగ్రత్తగా తీసి, ఆ సందును సున్నంతో నింపించండి.

తర్వాత పైకప్పు. టేకు దూలాల మీద పలుచని ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి, పైన సున్నపు కాంక్రీటు దిమ్మిసతో కొట్టి వేసిన మద్రాసు టెర్రస్ చాలా కాలేజీల్లో ఉంటుంది. దీనిపై కారుడు ఆపేందుకు ఒకదాని మీద ఒకటిగా వేసిన సిమెంటు పొరలు నీటిని ఆపకపోగా బరువును మాత్రం పెంచుతాయి. కింద సరుగుడు కర్రలు ఆసరాగా పెట్టించిన తర్వాతే ఆ పొరలను సుత్తి, ఉలితో కొంచెం కొంచెంగా తీయించాలి, డ్రిల్లింగ్ యంత్రం వాడనివ్వకూడదు. గోడలోకి దిగిన దూలం కొసలే ముందు కుళ్లుతాయి కాబట్టి అక్కడ స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. చెక్కలోకి సులువుగా దిగితే ఆ కొసను మాత్రం కోసి కొత్త టేకుతో అతుకు వేయవచ్చు, దూలమంతా మార్చనక్కరలేదు.

సున్నం విషయంలో తొందర పనికిరాదు. కాల్చిన సున్నపు రాళ్లను గుంటలోని నీళ్లలో వేయాలే తప్ప రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. నీరు కుతకుత ఉడికి చిమ్ముతుంది కనుక కూలీలకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. జల్లించిన సున్నాన్ని నీటి కింద కనీసం నెల రోజులు నాననిస్తే వెన్నలా మెత్తబడుతుంది. ఒక పాలు సున్నానికి ఇసుక, ఇటుక పొడి కలిపి మూడు పాళ్లు మించకుండా గానుగలో రుబ్బించాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం మన మేస్త్రీల పాత పద్ధతి. పాత గోడను బాగా తడిపి, ఒక్కో పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లకు మించకుండా వేయించి, తడి గోనెపట్టాలు కప్పించండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, సిమెంటులా మర్నాటికే గట్టిపడలేదని మేస్త్రిని తొందరపెట్టకండి.

టెండరులో సున్నపు పనిని విడి ఐటంగా రాయించి, కాంట్రాక్టరు ముందుగా ఒక చదరపు మీటరు నమూనా వేసి చూపాలన్న షరతు పెట్టండి. తక్కువ ధర చెప్పినవారు తర్వాత రహస్యంగా సిమెంటు కలపకుండా ఉండాలంటే ఇదే ఉపాయం. కరెంటు తీగలకు గోడలు చెక్కించకుండా గొట్టాలు పైపైనే వేయించాలి. మరుగుదొడ్లను పాత బ్లాకులో ఇరికించకుండా పక్కన వేరుగా కట్టించడం మంచిది. మేడ మీద ఇనుప బీరువాలతో నడిచే గ్రంథాలయాన్ని కింది అంతస్తుకు దించండి. చక్రాల కుర్చీ ఎక్కే వాలు 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు కంటే నిటారుగా ఉండకూడదు. పైకప్పు పని వేసవి సెలవుల్లోనే పెట్టుకుని, ఒక్కో ఏడాది ఒక్కో వైపు పూర్తి చేస్తే తరగతులు ఆగవు.

పని ముగిశాక మొదటి వానలకు పైకప్పు కింద ప్రతి గదినీ టార్చి లైటుతో చూసి, మునుపటి ఫోటోలతో పోల్చండి. వాడిన పాళ్లు, ఇసుక తెచ్చిన చోటు, పని చేసిన మేస్త్రి పేరు, ఊరు ఒక రిజిస్టరులో రాసి భవన ప్లానులతో కలిపి భద్రపరచండి. తర్వాతి మరమ్మతుకు వచ్చే కమిటీ మొదట వెతికేది ఆ పుస్తకాన్నే.